ఎర్రచీటీ తగిలించిన దరఖాస్తు

మండలాలు ఏర్పడిన మరుసటి ఏడాది, వేసవి మొదట్లో, నన్ను గురజాల వైపు ఒక మండల రెవిన్యూ కార్యాలయానికి సీనియర్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. నాకు అప్పగించిన సీటు ప్రకృతి వైపరీత్యాలది. పేరు పెద్దదే గాని, పల్నాడు ఎండల్లో ఆ సీటుకు వచ్చేవి ఎక్కువగా తాటాకిళ్లు తగలబడ్డ కేసులు.

ఇల్లు కాలినవాళ్లు దరఖాస్తు పెడితే రెవిన్యూ ఇన్‌స్పెక్టరు, అంటే ఆర్.ఐ., వెళ్లి చూసి, ఇద్దరు పెద్దమనుషుల ఎదుట పంచనామా రాయాలి. దానిమీద నేను నోటు రాసి పెడితే మండల రెవిన్యూ అధికారి, ఎమ్మార్వో గారు, బియ్యం, బట్టలు, కొంత నగదు మంజూరు చేస్తారు. ప్రభుత్వం దీనికి పెట్టిన పేరు తక్షణ సహాయం. ఎన్ని రోజుల్లో ఇస్తే తక్షణం అవుతుందో ఏ జీవోలోనూ నాకు కనబడలేదు.

నేను చేరిన వారానికే జాన్‌బీ దరఖాస్తు తెచ్చింది. భర్త ఆయిల్ ఇంజన్ల మెకానిక్కు. ముగ్గురు పిల్లలు. పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచి ఇల్లంతా పోయింది. నేను చలించి, ఆ కాగితానికి అర్జంటు అని ఎర్రచీటీ తగిలించాను. అక్కడే ఆమెకు అన్యాయం చేశానని నాకప్పుడు తెలియదు.

ఎర్రచీటీ కాగితాలన్నీ ముందు తానే చూస్తానని ఎమ్మార్వో గారు ఉత్తర్వు వేసి ఉన్నారు. కాబట్టి అటెండరు వాటిని కట్టగట్టి ఆయన గది ముందున్న బీరువా మీద పెట్టేవాడు. ఆయన మీటింగులకు తిరుగుతూ ఉండేవారు. చీటీ లేనివి మాత్రం నేను నేరుగా ఆర్.ఐ.కి పంపేసేవాణ్ని.

జాన్‌బీ ప్రతి సంతరోజూ వచ్చి అడిగి వెళ్లేది. ఆరో సంతకు నా బల్ల ముందు నిలబడింది.

“మా పక్కింటి సుబ్బులక్క పింఛను కాయితం నా ఎనక పెట్టింది సారూ. ఆమెది అయిపోయింది. నాదేంది ఇంకా ఈడే ఉంది?”

“నీది అర్జంటమ్మా. ఎర్రచీటీ ఉంది,” అన్నాను కొంచెం గొప్పగా.

“అయితే ఆ చీటీ పీకెయ్యండి సారూ.”

ఆఫీసంతా నవ్వింది. నేను నవ్వలేక బీరువా మీది కట్ట దింపించాను. అడుగున, చలికి దుప్పట్లు కావాలన్న అర్జీ ఒకటి దొరికింది. అప్పటికి రోహిణి కార్తె నడుస్తోంది. ఎవరినీ అడగకుండా చీటీలన్నీ పీకేసి కాగితాలు ఆర్.ఐ.కి పంపాను.

ఆయన రెండు రోజుల్లో జాన్‌బీ ఇంటికి వెళ్లొచ్చి రిపోర్టు ఇచ్చారు: “సదరు స్థలమందు కొత్త తాటాకిల్లు ఉన్నది. కాలిన ఇల్లు కానరాలేదు. దరఖాస్తు తిరస్కరించవచ్చును.”

రూలు ప్రకారం నేనూ అలాగే నోటు రాయాలి. రాయలేక జాన్‌బీని పిలిపించి ఎమ్మార్వో గారి ముందు నిలబెట్టాను. ఆయన రిపోర్టు చదివి వినిపించారు.

“వానలొస్తుంటే పిల్లల్ని ఎన్నాళ్లు బయట పండబెట్టేది సారూ? కప్పుకున్నాం,” అంది. “ఈసారి మీరెప్పుడొస్తారో ముందే చెప్పండి. మళ్లీ తగలబెట్టి చూపిస్తా.”

ఎమ్మార్వో గారు నా వైపు తిరిగి, ఇన్నాళ్లూ ఈ కాగితం ఎక్కడుందని అడిగారు.

“మీ గది ముందు, బీరువా మీద సార్,” అన్నాను. ఉద్యోగం మీద ఆశ వదులుకునే అన్నాను.

ఆయన జీపు తీయించారు. ఆర్.ఐ.తో సహా అందరం వెళ్లాం. కొత్త ఇంటి దూలం సగం బొగ్గై ఉంది.

“కొత్తది యాడ తెచ్చేది? చానా గట్టిదని అదే ఏశాం,” అంది జాన్‌బీ. పక్కిళ్లవాళ్లు సాక్ష్యం చెప్పారు. ఆ దూలం కిందే కూర్చుని ఆర్.ఐ. కొత్త పంచనామా రాశారు. సాయంత్రానికల్లా మంజూరైంది.

బియ్యంతోపాటు ఇచ్చిన చీరను ఆమె వెలుగులో పట్టి చూసింది. నేత సందుల్లోంచి మా అటెండరు కనబడుతున్నాడు.

“కాయితం నిదానంగా కదిలినా, చీర మాత్రం తొందరతొందరగా నేశారు సారూ,” అంది.

ఆ తర్వాత ఏ సీటులో ఉన్నా, కాగితం ఏ రోజు వచ్చింది, ఎవరి బల్ల మీద ఎన్నాళ్లుంది అన్నది నోటు మొదటి వాక్యంలోనే రాసేవాణ్ని. ఆలస్యానికి మందు దాన్ని పేరుపెట్టి రాయడమేనని నాకు తెలిసింది. పనులు కొంత త్వరగా అయ్యేవి. నా బదిలీలు కూడా.