మళ్ళీ మళ్ళీ నల్లబడిన వరుస

దయ్యాలంటే నాకు నవ్వు. కొల్లాపూర్ బస్టాండు దగ్గర నాకొక నెట్ సెంటరు ఉంది. తాయత్తు కట్టుకుని పరీక్ష ఫారం నింపించుకోవడానికి వచ్చిన పిల్లలను ఎన్నిసార్లు ఏడిపించానో లెక్కలేదు. కంప్యూటరుకు నిమ్మకాయ కట్టమని మా అత్త అంటే, నిమ్మకాయతో వైరస్ పోయేటట్టయితే బండెడు తెస్తానన్నాను. అట్లాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు.

మా తమ్ముడు హైదరాబాదులో ప్రోగ్రాములు రాస్తాడు. ఇక్కడి మామిడి రైతుల కోసం వాడొక ఫోరం తయారుచేసి, చూసుకునే పని నాకు అప్పజెప్పాడు. పాతకాలపు పద్ధతిది. ఏదైనా చర్చలో మనం చదవని పోస్టు ఉంటే జాబితాలో దాని వరుస లావుగా, నల్లగా కనిపిస్తుంది. తెరిచి చదివితే బూడిద రంగుకు మారుతుంది. పేజీ మాత్రం దానంతట అది మారదు, రిఫ్రెష్ కొట్టాలి. కొట్టకపోతే నిన్నటి పేజీయే తెర మీద ఉంటుంది. చూసేవాళ్ళకు అది నిన్నటిదని తెలియదు.

అందులో ‘వంతులు’ అని ఒక చర్చ ఉంది. అది ఎల్లయ్య, కిష్టయ్యలది; వాళ్ళిద్దరూ అన్నదమ్ముల పిల్లలు. రెండు తోటలకూ కలిపి ఒకటే బోరు. ఒకరోజు ఒకరు, మర్నాడు ఇంకొకరు నీళ్ళు పారించుకోవాలి. ఒకరి వంతు నాడు కరెంటు పోతే మర్నాడు కూడా వాళ్ళదే, కాకపోతే తెల్లారేసరికి ఆ మాట ఫోరంలో రాసిపెట్టాలి. పెద్దమనుషుల ముందు చేసుకున్న ఒప్పందం అది.

కిష్టయ్యకు టచ్ ఫోను ఉంది. ఎల్లయ్యది బటన్ల ఫోను, పైగా చదువు రాదు. రోజూ పొద్దున నాకు ఫోన్ చేసి “అక్కా, ఇయ్యాల నీళ్లెవరియి?” అని అడిగేవాడు. నేను చూసి చెప్పేదాన్ని.

ఆ ఎండాకాలం బోరు వేలెడు ధార పోస్తోంది. నిమ్మకాయంత పిందెలు చెట్ల కింద రాలిపడుతున్నాయి. ఆ రోజు సెంటరు నిండా జనం. ఎల్లయ్య ఫోన్ చేస్తే, ముందురోజు సాయంత్రం తెరిచిన పేజీ ఎదురుగా ఉంటే దాన్నే చూసి “నీ వంతే” అన్నాను.

కాసేపటికి మళ్ళీ ఫోన్. వెనక కిష్టయ్య అరుపులు వినిపిస్తున్నాయి.

“అక్కా, గీ కిష్టిగాడు తన వంతంటుండు. ఫోనుల రాసినంటుండు. జర మళ్లొకసారి చూడక్కా.”

మౌసు నా చేతిలోనే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే అయిపోయేది. నా పాడు నోరు ఊరుకుందా?

“నాకు కండ్లు లేవా ఎల్లయ్యా? ఎన్నిసార్లు చెప్పాలె? నీ వంతే. మోటరు ఏసుకో పో!”

ఆయన ఆ మాటే కిష్టయ్యకు గట్టిగా చెప్పాడు. తర్వాత పచ్చి మొద్దు నరికిన చప్పుడు వినిపించింది. “అక్...” అన్నాడు ఎల్లయ్య. పూర్తిగా అనలేదు. “రాసిన్నంటే ఇనవేందిరా! ఇనవేందిరా!” అంటూ కిష్టయ్య ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ వేస్తున్నాడు. నాలుగు లెక్కపెట్టాను. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు మాత్రమే వినిపించింది.

అప్పుడు కొట్టాను రిఫ్రెష్. ‘వంతులు’ వరుస నల్లబడింది. పొద్దున ఆరూ పన్నెండుకు కిష్టయ్య రాసిన పోస్టు: “నిన్న కరెంటు పోయింది. ఇయ్యాల గూడ నా వంతే.”

తోటకు పరుగెత్తాను. ఎల్లయ్య కాలువలో బోర్లా పడి ఉన్నాడు. మెడ సగం తెగిపోయింది. అడ్డం పెట్టిన కుడిచేతి వేళ్ళు గట్టు మీద పడి ఉన్నాయి. నెత్తురు కలిసిన నీళ్ళు చెట్ల పాదుల్లోకి పారుతున్నాయి. మోటారు ఎవరూ ఆపలేదు. నేనే ఆపాను.

పోలీసులు నేను చెప్పిందంతా రాసుకున్నారు. రిఫ్రెష్ కొట్టావా అని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మర్నాటి నుంచి మొదలైంది. ‘వంతులు’ తెరిచి చదువుతాను, బూడిద రంగుకు మారుతుంది. రిఫ్రెష్ కొడితే మళ్ళీ నల్లగా. కొత్త పోస్టు ఒక్కటీ ఉండదు. కుకీలు తుడిచేశాను, బ్రౌజరు మార్చాను, మా ఆయన ఫోనులో చూశాను. ఎక్కడ చూసినా అంతే. మిగతా చర్చలన్నీ బుద్ధిగా ఉండేవి.

తమ్ముడు సర్వర్లో వెతికాడు. ఏ చర్చ చివరిసారి ఎప్పుడు చూశామో ఆ సమయం అందులో ఉంటుందట, దాని తర్వాత వచ్చినవే నల్లగా కనిపిస్తాయట. నాది ఆ ఒక్క చర్చకు ప్రతిసారీ వెనక్కి పోతోంది. ఎక్కడికి? ఎల్లయ్య చావుకు ముందురోజు సాయంత్రానికి, నేను ఆ పేజీ తెరిచిన నిమిషానికి. ఎవరో ఆకతాయి పని అని పాస్‌వర్డులు మార్చాడు. అయినా ఆగలేదు.

ఎల్లయ్య భార్య లక్ష్మమ్మ తోట వదల్లేదు. కిష్టయ్య జైల్లో ఉంటే అతని భార్య నీళ్ళు కట్టేది. లక్ష్మమ్మ కూడా మొగుడిలాగే రోజూ నాకే ఫోన్ చేసేది. నేను రెండుసార్లు రిఫ్రెష్ కొట్టి గానీ చెప్పేదాన్ని కాదు.

ఎనిమిది నెలల తర్వాత ఒక పొద్దున, లైన్లో లక్ష్మమ్మ ఉంది. లెక్క ప్రకారం ఆమె వంతే. చెప్పబోతూ అలవాటుగా రిఫ్రెష్ కొట్టి, నల్లగా ఉన్న వరుసను తెరిచాను. అడుగున కొత్త పోస్టు. “ఇయ్యాల గూడ నా వంతే.” కిష్టయ్య పేరు. ఆరూ పన్నెండు. తేదీ ఆ రోజుదే. కిష్టయ్య ఫోను పోలీసుల దగ్గర సీలులో ఉంది.

“లక్ష్మమ్మా, తోటకు పోకు!”

“నా వంతు గదక్కా?”

“పోకంటే పోకు! ఇంట్లకెళ్లి కదలకు!” అని గొంతు చిరిగేలా అరిచాను.

వాళ్ళ వాడకట్టు వాళ్ళకు ఫోన్ చేసి తోటకు పంపాను. మోటారు గది వెనక గొడ్డలితో కూర్చుని ఉన్నాడు కిష్టయ్య. ముందురోజు సాయంత్రమే బెయిలు మీద వచ్చాడట, నాకు తెలియదు. పట్టుకోబోయిన వాళ్ళలో ఒకరి భుజం చీల్చాడు. వాళ్ళు అతన్ని మామిడి చెట్టుకు కట్టేసి పళ్ళు రాలేదాకా కొట్టారు. నోట్లోంచి నెత్తురు కారుతుంటే “మొగనితోని పెండ్లాం గూడ పోతే బోరు నాదే అయితుండె” అన్నాడట.

ఆ తర్వాత చూస్తే ఆ పోస్టు లేదు. సర్వర్లోనూ లేదు, తీసేసిన జాడా లేదు. ‘వంతులు’ వరుస బూడిద రంగులో ఉంది. ఎన్నిసార్లు రిఫ్రెష్ కొట్టినా మళ్ళీ నల్లబడలేదు. నా కళ్ళ భ్రమ అన్నాడు తమ్ముడు. మరి గొడ్డలి కూడా నా భ్రమేనా అని తిట్టాను.

ఎండాకాలం రాగానే తొలి కోత మామిడికాయల గంపతో లక్ష్మమ్మ సెంటరుకు వచ్చింది. “నా పానం నిలబెట్టినవక్కా” అని నా చేతులు పట్టుకుంది. ఇక ఆపుకోలేకపోయాను. ఆ రోజు పాత పేజీ చూసి చెప్పానని, ఆయన చావుకు నేనే కారణమని ఏడ్చేశాను. మళ్ళీ చూడమని ఆయన బతిమాలిన మాట మాత్రం గొంతు దాటలేదు. దాన్ని ఈ రోజుకూ ఎవరికీ చెప్పలేదు, పోలీసులకు కూడా.

లక్ష్మమ్మ నన్ను లాగి చెంప మీద కొట్టింది. పెదవి చిట్లింది. గంప తన్నేసి వెళ్ళిపోయింది. ఇక ఫోన్ చేయదనుకున్నాను.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది.

“ఇయ్యాల నీళ్లెవరియి?”

“నీయే లక్ష్మమ్మా.”

ఫోన్ పెట్టేయకుండా అంది, “జర మళ్లొకసారి చూడక్కా.”

ఆ రోజు ఎల్లయ్య అన్న అవే మాటలు, అదే నెమ్మది. ఆమె నోటికి ఎట్లా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్ళీ చూశాను. ఆమె వంతే.