దుర్గ నొక్కిన బటన్

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నర్సీపట్నంలో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీకి సిస్టమ్స్ మేనేజర్‌గా వెళ్ళాను. రిటైరయ్యే ముందు నేను చేసిన ఆఖరి ఉద్యోగం అది. ఆ ఏడు అడ్మిషన్లు మొదటిసారి ఆన్‌లైన్‌లో పెట్టాం. సీటు వచ్చినవాళ్ళు గడువులోగా ‘సీటు ఖాయం’ అనే బటన్ నొక్కాలి. నొక్కకపోతే ఆ సీటు దానంతట అదే తర్వాతివాళ్ళకు వెళ్ళిపోతుంది.

ప్రోగ్రాం రాసింది మా రాజేశ్వరి. పనిమంతురాలు. బటన్ నొక్కాక సరైన పేజీకి వెళ్ళాలంటే, ఆ ప్రోగ్రాం ఏ చోట ఉందో కోడ్‌కు ముందు తెలియాలి. దాన్నే బేస్ అడ్రస్ అంటాం. ఆమె కోడ్, తెరిచి ఉన్న పేజీ అడ్రస్‌లోంచి సైటు పేరు వరకే తీసుకునేది. ఆఫీసు కంప్యూటర్లలో ప్రోగ్రాం నేరుగా సైటు పేరు కిందే ఉండేది కాబట్టి అంతే సరిపోయేది. బయటివాళ్ళకు మాత్రం సైటు పేరు తర్వాత ‘అడ్మిషన్స్’ అనే ఫోల్డర్ కూడా ఉంటుంది. అది వదిలేస్తే పేజీ దొరకదు. మేం పరీక్షలన్నీ ఆఫీసులో కూర్చునే చేశాం, కాబట్టి అన్నీ బ్రహ్మాండంగా పాసయ్యాయి.

పేజీ దొరకనప్పుడు ఆ మాటే తెర మీద చూపించాలని నేను పట్టుబట్టాను. కరస్పాండెంట్ గారు ససేమిరా అన్నారు. తప్పని కనబడితే కాలేజీకి పరువు తక్కువట. అలాంటివాళ్ళను కాలేజీ ఫొటో ఉన్న మొదటి పేజీకి పంపెయ్యమన్నారు. అలాగే పెట్టాం.

మా వైపు జనం మనిషి మొహం చూస్తే గాని నమ్మరు. ఫోన్‌లో నొక్కినవాళ్ళు కూడా అనుమానం కొద్దీ ఆఫీసుకొచ్చి, గుమాస్తా చేత మళ్ళీ నొక్కించుకున్నారు. అందుకే లోపం బయటపడలేదు. నాతవరం దగ్గర పల్లె నుంచి దుర్గ అనే అమ్మాయి ఒక్కతే, రానక్కర్లేదని మేం చెప్పిన మాట నమ్మి, ఫోన్‌లోనే నొక్కి ఊరుకుంది.

గడువు దాటాక, క్లాసులెప్పుడో కనుక్కుందామని తండ్రితో వచ్చింది. సీటు వేరే అమ్మాయికి వెళ్ళిపోయిందంటే ఆ తండ్రికి అర్థం కాలేదు.

“కాలేజీ బొమ్మొచ్చింది కదండీ. అయిపోనాదనుకున్నాం,” అన్నాడు.

రాజేశ్వరి అక్కడికక్కడే, ఫోల్డర్‌తో సహా అడ్రస్ తీసుకునేలా కోడ్ మార్చింది. ఒక్క వరుస పని. నేను కరస్పాండెంట్ గారిని బతిమాలాను. సీట్లు నిండిపోయాయన్నారు. నిజమే, చేరిన పిల్లను తీసెయ్యలేం. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

దుర్గ గొడవ చెయ్యలేదు. వెళ్ళేముందు నాతో ఒకటే అంది. “తప్పని సూపిస్తే ఇక్కడికొచ్చి మళ్ళీ నొక్కేదాన్ని కదండీ.”

బేస్ అడ్రస్‌ను, పేజీ తెరిచిన చోటి నుంచే పూర్తిగా తీసుకోవాలి. బయటి ఫోన్‌లో పరీక్షించకుండా ఏదీ జనానికి ఇవ్వకూడదు. పేజీ దొరకకపోతే దొరకలేదనే చెప్పాలి. నేను దిగిపోయేలోగా ఆ కాలేజీలో ఇవన్నీ అమలయ్యాయి. దుర్గకు మాత్రం ఆ ఏడు ఎక్కడా సీటు రాలేదు.