ముడత పడని పరదా

నా పేరు ఇస్సాకు. ముప్పై రెండేళ్లు సర్కారు బస్సుల డిపోలో సీట్లు కుట్టాను. నేను కుట్టిన సీట్ల మీద లక్షల మంది కూర్చుని ఉంటారు. ఒక్కరు కూడా లేచి, దీన్ని కుట్టిందెవరని అడగలేదు. ఆ లోటు నేనే తీర్చుకుంటూ వచ్చాను. బస్సెక్కితే చాలు, పక్కవాడికి సీటు నొక్కి చూపించి "ముడత ఉన్నదా? చెయ్యి పెట్టి సూడన్నా" అనేవాణ్ణి. చాలామంది తర్వాతి స్టాపులో దిగిపోయేవారు.

సీటు పనిలో ముడతను మించిన పాపం లేదు. రెక్సిన్‌ను రెండు చేతులా లాగి, మోకాలితో అదిమిపట్టి, చుట్టూ మేకులు కొట్టాలి. రిటైరైన రోజు మా ఫోర్‌మన్ నా మెడలో దండ వేసి "ఇస్సాకు చేతిల ముడత పడదు" అన్నాడు. ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానంటే, నేను నోరు తెరవగానే మా ఆవిడ సుందరమ్మ నాకంటే ముందే చెప్పేసేది.

ఇంత పనిమంతుడి ఇంట్లో లోపలి గదికి తలుపు లేదు. లాల్‌దర్వాజాలో మాది అద్దె ఇల్లు, రెండే గదులు. లోపలి తలుపు ఏనాడో చెదలు పట్టి ఊడిపోయింది. ఓనరు పెట్టిస్తా పెట్టిస్తా అంటూనే ఉన్నాడు. ఆ గుమ్మానికి సుందరమ్మ పాత చీర వేలాడేది. మా అబ్బాయి డానియేలుకు పెళ్లి కుదిరేదాకా అది ఎవరికీ లోటుగా తోచలేదు.

"కొత్త పిల్ల వస్తున్నది. ఏడ్వాలన్నా నవ్వాలన్నా ఆమెకు గా ఒక్క అర్రనే కదా. గుమ్మానికి మంచి పరదా కొనుక్కరా" అంది సుందరమ్మ.

నాకు ఒళ్లు మండింది. "కుట్టుపనోని ఇంట్ల కొన్న పరదానా? నలుగురు వింటె నవ్వరా?"

"ఇన్నేండ్లల్ల నాకు ఒక్క దిండు కవరన్న కుట్టినవా?"

"దిండుకు నా చెయ్యెందుకే?" అన్నాను. నిజంగానే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది.

ఇద్దరం పత్తర్‌గట్టి బట్టల బజారుకు పోయాం. సుందరమ్మ చిన్న చిన్న ఆకులున్న మీగడ రంగు గుడ్డ పట్టుకుంది. నేను దాన్ని స్టూలు మీద పరిచి, దాని మీద కూర్చుని, లేచి చూశాను. నిండా ముడతలే. పక్కన పడేశాను. మూడు రకాల గుడ్డల మీద అలాగే కూర్చుని లేచేసరికి దుకాణమాయన ఓపిక అయిపోయింది.

"చాచా, పర్దా లట్కానేకా రహతా, బైఠ్నేకా నై!"

పరదా వేలాడదీసేది గానీ కూర్చునేది కాదని నాకు చెబుతాడా? చివరికి సోఫాలకు వేసే మందపాటి మెరూన్ గుడ్డ ఎంచాను. మాసినా కనబడదు. కుచ్చులు పడాలంటే గుమ్మానికి రెండింతల వెడల్పు తీసుకోవాలని దుకాణమాయన చెప్పాడు. ఎక్కువ గుడ్డ అంటగట్టే ఎత్తు అనుకున్నాను. కుచ్చులంటే ఏంది, దర్జాగా పిలిచి పెట్టుకునే ముడతలే కదా! మూడడుగుల గుమ్మానికి మూడడుగుల గుడ్డే కోయించాను. ఇంటికొచ్చేదాకా ఆటోలో సుందరమ్మ ఆ గుడ్డ మూటను నా ఒళ్లోకే నెడుతూ వచ్చింది.

మూడు రోజులు కుట్టుమిషిన్ ముందు కూర్చుని, సీట్లకు వాడే లావు దారంతో డబల్ కుట్టు వేశాను. వేలాడదీస్తే పరదా పలకలాగా నిలబడింది. ఒక్క ముడత లేదు. అంచుల మడతలకు పోయిన గుడ్డ పోగా అటూ ఇటూ నాలుగు వేళ్ల సందు మిగిలింది. అటు లాగితే ఇటు, ఇటు లాగితే అటు. సుందరమ్మ లోపలికి వెళ్లి సందుకు కన్ను ఆనించింది.

"నువ్వు మంచిగ కనబడుతున్నవ్."

"నువ్వు చూస్తున్నవ్ కాబట్టి కనబడుతున్న. పనిగట్టుకొని ఎవరు చూస్తరు?"

"పక్కలకు ఇంకింత గుడ్డ అతుకరాదయ్యా."

అతుకా? ఇస్సాకు పనికి అతుకా? పెద్ద లొల్లి చేసి, ఆ పూట అన్నం మానేశాను. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పెళ్లయింది. కోడలు కీర్తిప్రియ వచ్చింది. వచ్చిన ప్రతి చుట్టాన్నీ ఆ గుమ్మం ముందు నిలబెట్టి పరదా చూపించాను. కోడల్ని కూడా అడిగాను. "మంచిగుంది మామయ్యా" అంది. నెమ్మదైన పిల్ల. ఫోనులో కూడా గుసగుసగానే మాట్లాడేది. బట్టలు భుజాన వేసుకుని రోజుకు మూడుసార్లు బాత్రూముకు పోయేది. ఎంత శుభ్రమైన పిల్ల దొరికిందని గల్లీలో చెప్పుకున్నాను. "మా కోడలికి నోరే లేదు" అని కూడా చాటాను. రెండు నెలలు ఇలాగే మురిశాను.

ఒక ఆదివారం తలనొప్పిగా ఉందని కీర్తిప్రియ ఇంట్లో ఉండిపోయింది. మేము ముగ్గురం ప్రార్థనకు బయలుదేరాం. గల్లీ చివరికి పోయాక కళ్లద్దాలు మరిచానని గుర్తొచ్చి నేనొక్కణ్ణే వెనక్కి తిరిగాను. తలుపు కొట్టి, "అద్దాలకొచ్చిన బిడ్డా" అని కేకేస్తూ లోపలికి అడుగు పెట్టాను.

నా పరదాకు ఒక పక్క పసుపుపచ్చ చున్నీ, ఇంకో పక్క నీలం చున్నీ. పై నుంచి కింది దాకా పిన్నీసులు పెట్టి ఉన్నాయి. నా పరదాకు ఆ పిల్ల మళ్లీ పరదా కట్టుకుంది.

కీర్తిప్రియ గాబరాగా బయటికొచ్చి పిన్నీసులు ఊడదీయసాగింది. "మీరు రాకముందే తీసేద్దామనుకున్న మామయ్యా."

"రోజూ పెడుతున్నవా?"

"మీరు బయటికి పోయినప్పుడే. మీరు వచ్చేసరికి తీసేస్త."

"నాకు చెప్పొచ్చు కదా బిడ్డా."

ఆమె తల వంచుకుంది. "కష్టపడి కుట్టిండ్రు. మీకు బాధ అయితదని..."

సిగ్గుతో చచ్చిపోయాను. రెండు నెలలుగా ఆ పిల్ల జుట్టు దువ్వుకోవడానికీ, చీర మార్చుకోవడానికీ నేను ఎప్పుడు బయటికి పోతానా అని ఎదురుచూసింది; నేను కదలకపోతే బట్టలు పట్టుకుని బాత్రూముకు పోయింది. రిటైరైనవాణ్ణి, నేను పోయేది ఎక్కడికి? పొద్దంతా ఆ ముందు గదిలోనే కూర్చుని నా పనితనం చూసి మురిసిపోతున్నాను. ఆ రోజు ప్రార్థనకు ఆలస్యంగా పోయి అందరికంటే వెనక కూర్చున్నాను. ఏం ప్రార్థించానో మాత్రం అడగకండి.

మర్నాడు అత్తాకోడళ్లను పత్తర్‌గట్టికి తీసుకుపోయాను. దుకాణమాయన నన్ను చూసి స్టూలు దాచేశాడు. గుడ్డ కీర్తిప్రియ ఎంచింది, లేత ఆకుపచ్చ. వెడల్పు రెండింతలు. నేను నోరు మూసుకుని సంచి పట్టుకున్నాను.

అసలు కష్టం మిషిన్ దగ్గర మొదలైంది. కుచ్చు పట్టి సూది కింద పెట్టగానే నా చేతులు వాటంతట అవే గుడ్డను లాగేసేవి. సుందరమ్మ పక్కనే కూర్చుని, లాగినప్పుడల్లా చేతి మీద ఒకటి వేసేది. ఇన్నేళ్లూ దేన్ని తరిమి తరిమి కొట్టానో దాన్నే బతిమాలి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఐదుసార్లు విప్పి కుట్టాను. కుచ్చులు ఒకటి లావు, ఒకటి సన్నం. డిపోలో అయితే నన్ను గేటు దాకా తరిమేవారు.

బుధవారం పొద్దున రాడ్డు మేకులు గట్టిగా కొట్టి పరదా ఎక్కించాను. కీర్తిప్రియ లోపలికి వెళ్లి పరదా లాగింది. గుమ్మం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండుగా పరుచుకుంది. ఎక్కడా వెలుగు కూడా కనబడలేదు. సుత్తి చేతిలో పట్టుకుని, ఆమె బయటికొచ్చి బాగుందంటుందని నిలబడ్డాను. రాలేదు. కాసేపటికి లోపల ఫోను మోగింది. డానియేలు.

"ఏంది? టిఫిన్ డబ్బా మళ్లీ బస్సులనే మరిచినవా? ఇది మూడోది! నీకు బుద్ధున్నదా అసలు? రేపటి నుంచి కాయితంల కట్టిస్త, తిను!"

కీర్తిప్రియ గొంతే, గల్లీ దాకా వినబడేలా. నేను నోరు తెరుచుకుని సుందరమ్మ వైపు చూశాను. ఆమె నా చేతిలో సుత్తి తీసి పక్కన పెట్టి, బయటికి నడవమని సైగ చేసింది. ఇద్దరం చప్పుడు చేయకుండా వచ్చి మెట్టు మీద కూర్చున్నాం. లోపల తిట్లు ఆగలేదు. పెళ్లయిన రెండు నెలలకు, ఆ పొద్దు మా కోడలు కాపురానికి వచ్చింది.