మొదటి ఫోటో

మైదుకూరులో స్టూడియో నడిపే చౌడప్ప, గిరాకీ కూర్చునే ముందు లైట్లు సరిచూసుకోవడానికి పెండ్లాం సుబ్బరత్నను స్టూలు మీద కూర్చోబెట్టి ఒక ఫోటో కొట్టేవాడు. నెట్‌లో దాచుకునే ఆల్బంలో జాగా చాలదని, ఆ మొదటి ఫోటోను అప్పటికప్పుడే తీసేసేవాడు.

"నా మొగమే అంత జాగా తింటాందా?" అని ఆమె నవ్వేది.

రెండువేల తొమ్మిది ఎండాకాలంలో సుబ్బరత్న పోయింది. ఇంట్లో ఉన్న ఒక్క పెండ్లి ఫోటోనూ ఎప్పుడో చెదలు తినేసింది. దండ వేయడానికి ఒక్క ఫోటో దొరక్కపోతుందా అని ఆల్బమంతా గాలించాడు. ఊరందరి పెండ్లికూతుళ్ళూ పండ్లికిలిస్తూ కనబడ్డారు గానీ, ఆమె లేదు.

ఇప్పుడు లైట్లు సరిచూసుకోవడానికి ఉత్త స్టూలునే ఫోటో తీస్తాడు.

ఆల్బం మళ్ళీ నిండింది. ఈసారి చౌడప్ప అందులోంచి ఊరి పెండ్లి ఫోటోలన్నీ తీసేశాడు. వెలుతురు చక్కగా పడిన ఆ ఉత్త స్టూలు ఫోటోలను మాత్రం ఒక్కటీ ముట్టుకోలేదు.