లైసెన్స్ లేని చలికాలం

పోయిన ఆదివారం ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటుంటే, పక్కనే ఒక కుర్రాడు ఫోన్‌లో ఎవరితోనో మొరపెట్టుకుంటున్నాడు. టెక్సస్‌లో ఎప్పుడో పడిన ట్రాఫిక్ టికెట్ ఒకటి తేలకుండా ఉండిపోయిందట, అది తేలేదాకా ఇక్కడ మిషిగన్‌లో లైసెన్స్ ఇచ్చేది లేదంటున్నారట. అతను ఫోన్ పెట్టేశాక నేనే చొరవ చేసి, ఇక్కడి ఆఫీసు చుట్టూ తిరిగి లాభం లేదని, ముందు ఆ రాష్ట్రపు కోర్టుతోనే మాట్లాడుకోమని చెప్పాను. "మీకెట్లా తెలుసు అంకుల్?" అన్నాడు. నాకూ ఒకసారి అయిందిలే అని నవ్వేసి వచ్చేశాను గానీ, ఇంటికొచ్చాక బెండకాయల సంచి చాలాసేపు బల్ల మీదే ఉండిపోయింది.

ఇక్కడ ఆ రోజులు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కార్ల కంపెనీలు కుదేలై, డెట్రాయిట్ చుట్టుపక్కల ఏ ఆఫీసులో చూసినా రేపు ఎవరి వంతో అని జనం గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. నేను ట్రాయ్‌లో ఒక విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి. అంతకు ముందు ఇల్లినాయ్‌లో, చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. ఉండేవాళ్ళం అంటున్నానంటే, అప్పటికి మేం ముగ్గురం. మిషిగన్ వచ్చాక నేనూ నా భార్యా విడిపోయాం. పెద్ద గొడవలేమీ జరగలేదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కొంచెం కొంచెంగా ఆగిపోయింది, అంతే. ఏడేళ్ళ పాప ఆన్ ఆర్బర్‌లో తల్లి దగ్గర ఉండేది. శనివారం పగలు మాత్రం నాది. పొద్దున్నే కారు వేసుకుని వెళ్ళి పాపని ఎక్కించుకోవడం, ఊరంతా తిప్పి సాయంత్రం దింపేసి రావడం. వారంలో మిగతా రోజులన్నీ ఆ ఒక్క రోజు కోసమే గడిచేవి.

ఆ ఏడాది వీసా పొడిగింపు రాగానే లైసెన్స్ రెన్యూ చేయించుకుందామని వెళ్ళాను. కిటికీ వెనకనున్న ఆవిడ కంప్యూటర్ వంక చూసి, ఇల్లినాయ్‌లో మీ డ్రైవింగ్ హక్కు సస్పెన్షన్‌లో ఉంది, అక్కడ తేల్చుకుని రండి, అంది. నా వెనకాల ఉన్నవాళ్ళు నన్నే చూస్తున్నట్టనిపించింది. తరువాత నాలుగైదు చోట్లకి ఫోన్లు చేస్తే గానీ సంగతి అర్థం కాలేదు. షామ్‌బర్గ్‌లో మా చివరి రోజుల్లో లేన్ మారినందుకు ఒక టికెట్ పడింది. చెప్పిన రోజున కోర్టుకి వెళ్ళాను కూడా. ఆ రోజు పోలీసాయన రాలేదని వాయిదా వేశారు. కొత్త తేదీ తెలిపే కాగితం మేం ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది. నేను రాలేదని వాళ్ళు సస్పెండ్ చేశారు. ఒక రాష్ట్రంలో పడిన ముడి ఇంకో రాష్ట్రంలో ఇలా బిగుసుకుంటుందని నాకేం తెలుసు?

చేతిలో ఉన్న లైసెన్స్ గడువు తీరిపోయింది. కారు అపార్ట్‌మెంట్ ముందే మంచు కప్పుకుని పడి ఉండేది. మా వీధిలో నడవడానికి ఫుట్‌పాత్ అయినా లేదు. ఆఫీసుకి ఒక నెల్లూరు తమ్ముడు తీసుకెళ్ళేవాడు. మంచివాడే, కానీ రోజూ అతని హారన్ కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవడం, అతను సెలవు పెడితే నేనూ ఇంట్లో ఉండిపోవడం, ఇవన్నీ మనిషిని లోలోపల చిన్నబుచ్చుతాయి. "ఒక్కసారికి ఏం కాదు, డ్రైవ్ చేసెయ్ అన్నా, ఎవడు చూస్తాడు?" అనేవాడతను. పట్టుబడితే వీసా మాట దేవుడెరుగు, శనివారాలు పోతాయని నా భయం.

మా పక్క ఊరి నుంచి ఆన్ ఆర్బర్‌కి రైలుంది. తమ్ముడు స్టేషన్‌లో దింపితే వెళ్ళగలను, కానీ అవతలి స్టేషన్ నుంచి వాళ్ళ ఇల్లు దూరం, అక్కడికి వెళ్ళొచ్చి తిరుగు రైలు అందుకుంటే పాపతో గడపడానికి పూట కూడా మిగలదు. పాప తల్లికి శనివారాలు డ్యూటీ. ఏం చెయ్యాలో తోచక కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. ఖమ్మం నుంచి కూతురి దగ్గర ఆర్నెల్లుండడానికి వచ్చిన మామగారు. ఒకప్పుడు అల్లుడుగారూ అని పిలిచే మనిషి కాసేపు తడుముకుని, "బాబూ" అన్నారు. "పాపను స్టేషన్‌కు నేను తీసుకొస్త. బస్సు ఇంటి ముంగట్నే ఆగుతది. అమ్మాయికి చెప్పిన, సరే అన్నది."

అలా మొదలైంది. నేను రైలు దిగేసరికి ఇద్దరూ వెయిటింగ్ రూమ్‌లో ఉండేవారు. ఆయన తలకి మఫ్లర్ చుట్టుకుని, మా ఇద్దరికీ ఒక బెంచీ వదిలేసి, దూరంగా ఇంకో బెంచీ మీద కూర్చునేవారు. రమ్మంటే వచ్చేవారు కాదు. పాప మొదటి రోజే నిలదీసింది. "నాన్నా, నీకు కార్ ఉంది కదా, ఎందుకు డ్రైవ్ చెయ్యవు? నువ్వు బ్యాడ్ డ్రైవరా?" బయట చలి, వెళ్ళడానికి చోటు లేదు. బొమ్మలు వేసుకునేవాళ్ళం, వచ్చేపోయే వాళ్ళని చూసి వాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారో కథలల్లుకునేవాళ్ళం. బెంచీ మీద ఒకరి వైపు ఒకరం తిరిగి కూర్చునేవాళ్ళం కాబట్టి, దాని ముందు పన్ను ఊడినచోట కొత్తది తొంగిచూడడం కూడా నాకు తెలిసేది.

జనవరిలో ఒక శనివారం మంచు తుఫానుకి రైలు రద్దయింది. వాళ్ళు అప్పటికే బస్సెక్కేశారు, ఆయన దగ్గర సెల్‌ఫోన్ లేదు. నేను అపార్ట్‌మెంట్‌కి తిరిగొచ్చి, కారు అద్దం మీది మంచు గీకి, ఇంజన్ స్టార్ట్ చేసి కూర్చున్నాను. గేటు దాకా పోనిచ్చాను కూడా. అక్కడ ఆపేసి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని, మళ్ళీ వెనక్కి తెచ్చి పెట్టేశాను. తరువాతి వారం పాప నా పక్కన కూర్చోలేదు. "నువ్వు రాలేదు. తాతయ్యకి స్టోరీస్ అన్నీ అయిపోయాయి, తెలుసా?" అంది. మామగారు తన బెంచీ మీద నుంచే, "నాన్ననేమనకు బిడ్డా, రైలు నాన్న నడపడు కదా" అన్నారు.

ఫిబ్రవరిలో కోర్టువాళ్ళు రమ్మన్నారు. ఏ రోజు వెళ్తున్నదీ మామగారితో మాటల్లో అన్నాను. చికాగో వెళ్ళేదీ ఆ రైలే. పని దినం, పాప బడిలో ఉంటుంది, అయినా ఆన్ ఆర్బర్‌లో ఆగినప్పుడు ఊరికే తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ప్లాట్‌ఫామ్ మీద మామగారు ఒక్కరే ఉన్నారు. చేతిలో డబ్బా పెట్టి, "పులిహోర. కోర్టుల గట్టిగ మాట్లాడకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నారు. రైలు కదిలి స్టేషన్ కనుమరుగయ్యేదాకా ఆయన అక్కడే నిలబడి ఉన్నారు.

మర్నాడు జడ్జిగారు, నేను అప్పటికే ఇల్లు ఖాళీ చేసినట్టున్న కాగితం చూసి, పాత ఉత్తర్వు కొట్టేశారు. నెలల తరబడి మోసినది రెండు మాటల్లో తేలిపోయింది. బయటికొచ్చి చూస్తే, ఈ మాట చెప్పుకోవడానికి ఊళ్ళో నాకెవరూ లేరు. వాళ్ళ ఇంటి నంబరుకే చేశాను. "అయిందా? మంచిదైంది," అన్నారు మామగారు. ఆ తరువాత కూడా ఇద్దరం ఫోన్ పెట్టలేదు.

ఆ కబురు ఇల్లినాయ్ రికార్డుల్లోంచి మిషిగన్‌కి చేరేసరికి మంచు కరిగిపోయింది, ఆయన ప్రయాణం కూడా దగ్గరపడింది. చివరి శనివారం, "ఇగ కారొస్తది, నాతోని పని లేదు," అని నవ్వారు. కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. ఇప్పుడు ఏ వరసతో పెట్టాలో తెలియక, చెయ్యి పట్టుకుని ఊరుకున్నాను. కొన్నేళ్ళకి ఆయన పోయారని పాప చెప్పింది. ఆఫీసులో సెలవు అడుగుదామనుకుని, పోయిన మనిషి నాకేమవుతారంటే ఏం చెప్పాలో తెలియక, రోజూలాగే వెళ్ళి కూర్చున్నాను.

లైసెన్స్ చేతికొచ్చిన మొదటి శనివారం కారు కడిగించి మరీ వెళ్ళాను. పాప వెనక సీట్లో బెల్టు పెట్టుకుని, "ఇవాళ ట్రైన్ లేదా?" అంది. లేదన్నాను. మాల్‌కి వెళ్ళాం, జూకి వెళ్ళాం, ఆ తరువాత ఎన్నో శనివారాలు ఎన్నో చోట్లకి వెళ్ళాం. నా చూపు రోడ్డు మీద ఉండేది, దాని చూపు కిటికీలోంచి బయటికి పోయేది. కొన్నాళ్ళకి చెవుల్లో పాటలు పెట్టుకోవడం నేర్చుకుంది. ఆ పన్ను ఎప్పుడు పూర్తిగా వచ్చిందో నాకు తెలియదు. ఇప్పుడు పాపకి శాంటా క్లారాలో ఉద్యోగం, తన కారు తనే నడుపుకుంటుంది, నేను వెళ్తే ఎయిర్‌పోర్టుకి వచ్చి ఎక్కించుకుంటుంది. పక్క సీట్లో కూర్చుని ఏదైనా అడగబోతాను. "ఒక్క నిమిషం నాన్నా, ఎగ్జిట్ మిస్ అవుతాను" అంటుంది. సరేనని నేనూ రోడ్డు వైపే చూస్తాను.