గుట్ట వెనక పిట్టలు

ఇరవై ఆరేళ్లు నేను పసుపు పాలిష్ డ్రమ్ము నడిపాను. ఉడకబెట్టి ఎండబోసిన కొమ్ములను ఇనుప డ్రమ్ములో పోసి మోటారు వేస్తే, పొట్టు రాలి కొమ్ములు నున్నగా బయటపడతాయి. ఆ మోతలో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. సీజనంతా సైగలతోనే పని నడిచేది.

నా భార్య పోయాక డ్రమ్ము తిప్పబుద్ధి కాలేదు. తెల్లవారకముందే మెలకువ వచ్చేది. ఇంట్లో ఒక్కడినే కూర్చుని చాయ్ తాగలేక ఆర్మూరు గుట్టల వెనక్కి నడవడం మొదలుపెట్టాను. అక్కడ నల్లరాళ్లు, వాటి మధ్య రేగు, తుమ్మ పొదలు. చుక్క నీరుండదు. అయినా పిట్టలు మాత్రం బోలెడు. కౌజులు గుంపుగా రాళ్లెక్కేవి. తీతువు నన్ను చూసి ఊరికే గోల చేసేది. నిజామాబాద్ పోయినప్పుడు ఒక దుర్బీను కొనుక్కున్నాను.

మేకలు తోలుకొచ్చే ఒక అవ్వ తప్ప అక్కడ నన్ను పలకరించేవాళ్లు లేరు.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా?" అంది మొదటి రోజు.

"పిట్టలవ్వా."

"పట్టవు, తినవు. ఊకె జూసుడేనా?"

ఆ తర్వాత ఆమె నన్ను వింతగా చూడడం మానేసింది. రోజూ ఒకటి రెండు మాటలు. కొన్ని రోజులైతే నా నోటి నుంచి వచ్చే మాటలు అవే.

మొదటి ఏడాది మోదుగులు పూసినప్పుడు నీలంగా మెరిసే చిన్న తేనెపిట్ట ఒకటి వచ్చింది. సన్నటి గొంతుతో ఆపకుండా కూసేది. దాని కోసమే త్వరగా వెళ్లేవాణ్ని. మూడో ఏడు మోదుగులు విరగబూసినా కూత లేదు. వారం పాటు ఎదురుచూశాను.

"ఈసారి తేనెపిట్ట రాలేదవ్వా," అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూసింది. "రాకపోవుడేంది? గదో, గా కొమ్మ మీద. పొద్దుగాల సంది ఒకటే కూత."

దుర్బీను ఎత్తాను. పిట్ట అక్కడే ఉంది. ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. గొంతు దగ్గర ఈకలు వణుకుతున్నాయి. నాకు ఏమీ వినిపించలేదు.

నిజామాబాద్ దవాఖానలో చెవులకు పరీక్ష చేశారు. సన్నటి చప్పుళ్లు పోయాయనీ, డ్రమ్ము మోతకు దెబ్బతిన్న చెవులు వయసుతో ఇంకా మందగించాయనీ డాక్టరమ్మ చెప్పింది.

"ఇది ఒక్కరోజుల అయ్యేది కాదు. మీకు తెల్వకపోయినా ఇంట్లవాళ్లకు తెలుస్తది. ఎవరూ చెప్పలేదా?"

లేదన్నాను. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. చివరి రెండేళ్లు నా భార్య వంటింట్లోంచి పిలవడం మానేసింది. ఏం కావాలన్నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి, ముఖం చూస్తూ చెప్పేది. ముసలితనంలో ప్రేమ పెరిగిందని మురిసిపోయాను. ఆమెకు తెలుసన్నమాట. నేను బాధపడతానని చెప్పలేదేమో. పిలిచి పిలిచి, నేను పలకక, ఎన్నిసార్లు లేచి వచ్చిందో. బస్సు ఆర్మూరులో ఆగినా కాసేపు దిగలేకపోయాను.

మర్నాడు గుట్ట దగ్గర అవ్వకు చెప్పాను. చెప్పడానికి ఇంకెవరూ లేరు.

"గట్లనా," అంది. చెయ్యెత్తి తన మేకపోతును చూపించింది. "దాని మెడల గంట ఇనవడుతుందా?"

"వినబడుతుందవ్వా."

"మరి గది ఇను."

ఆమె మేకలను అదిలించుకుంటూ అవతలి వాలు దిగిపోయింది. రాళ్లు వేడెక్కేదాకా నేను అక్కడే కూర్చున్నాను. మోదుగు కొమ్మ మీద పిట్ట ముక్కు తెరిచి కూస్తూనే ఉంది. దాన్ని చూస్తూ ఉండిపోయాను.