తాడు లేని మలుపు

ఇస్హాక్ మేస్త్రీ సైకిలు ఎందుకు మానేశాడో గోదావరిఖనిలో చాలామందికి తెలుసు. తిన్నని రోడ్డు మీద ఆయన బాగానే తొక్కేవాడు. మలుపు వస్తే మాత్రం, లోకమంతా లోపలికి వాలే చోట ఆయన బయటికి వాలేవాడు. పడేవాడు. లేచి, లుంగీ దులుపుకొని, నడుం మీద చేతులు పెట్టుకొని రోడ్డును కాసేపు పరిశీలించి, "వేసినోనికి మలుపు తెల్వది" అనేవాడు. అలా ఊళ్లో ఉన్న మలుపులన్నిటికీ తప్పులు పట్టాక, సైకిలును బావమరిదికి ఇచ్చేసి నడక మొదలుపెట్టాడు.

ఇందులో ఆయన్ని అనడానికి ఏమీ లేదు. మీసాలు రాకముందు నుంచీ ఆయన పని భూమి లోపల. బొగ్గు నింపే ఇనుప టబ్బుల కోసం పట్టాలు వేసేవాడు. గని బయట ఒక ఇంజను ఉంటుంది, దాని నుంచి ఇనుప తాడు లోపలికి వెళ్లి టబ్బుల వరుసను లాగుతుంది. మలుపు దగ్గర ఆ తాడు బిగుసుకొని తిన్నగా అవుదామని చూస్తుంది, టబ్బుల్ని లోపలి వైపుకు గుంజి పడేస్తుంది. పైలోకంలో రైలు నడిచే చోట మలుపులో బయటి పట్టా ఎత్తుతారట. తాడు లాగే చోట లోపలి పట్టా ఎత్తాలి. ఇస్హాక్ మేస్త్రీ పైలోకంలో ఎప్పుడూ పట్టాలు వేయలేదు. లోపల వేసిన మలుపుల్లో మాత్రం ఒక్క టబ్బు కూడా పట్టా దిగలేదని పేరు. ఆయన ఆస్తి అంతా ఆ పేరే.

ఆ పేరును ఆయన డ్యూటీ అయ్యాక గనిలోనే వదిలిపెట్టి వచ్చి ఉంటే బాగుండేది. మా క్వార్టరుకూ వాళ్ల క్వార్టరుకూ మధ్య గోడ ఒకటే. వాళ్ల స్నానాల గది నీళ్లు పోయే కాలువను ఆయనే కట్టాడు. అది మూల తిరిగే చోట లోపలి గట్టు ఎత్తుగా, బయటి గట్టు పల్లంగా పెట్టాడు. నీళ్లు ఆ మూల దాకా బుద్ధిగా వచ్చి, బయటి గట్టు దూకి మా వాకిట్లో పడేవి. మా అమ్మ అడిగితే, "కాలువ మంచిగనే ఉన్నది వదినా, నీళ్లే సరిగ నడుస్తలేవు" అనేవాడు.

ఆయన భార్య సర్వరీ బేగం. వాళ్లిద్దరూ ఇంట్లో దక్కనీ ఉర్దూలో మాట్లాడుకునేవారు. పోట్లాట వచ్చినప్పుడు మాత్రం తెలుగులోకి దిగేవారు, తప్పు ఎవరిదో గోడ అవతలి వాళ్లకూ తెలియాలి కదా. వాళ్ల పోట్లాటలు సగం ఆమె తమ్ముడు రహమతుల్లా గురించే. తల్లి పోయేటప్పుడు ఆ పిల్లవాణ్ణి సర్వరీ బేగం చేతిలో పెట్టి పోయింది. ఇప్పుడతనికి మీసాలు, తాంగా బండి, దానికి మోతీ అనే తెల్ల గుర్రం ఉన్నా, ఆమె లెక్కలో ఇంకా చంకన ఉన్నట్టే. జలుబు చేస్తే తాంగా తోలనిచ్చేది కాదు.

ఎనభై తొమ్మిదిలో ఊళ్లోకి ఆటోలు విరివిగా వచ్చాయి. బస్టాండు దగ్గర తాంగాలు ఖాళీగా నిలబడ్డాయి, గుర్రాలు నిలబడే నిద్రపోయాయి. తాంగావాళ్ల సంఘానికి పెద్ద లింగమూర్తి. ఆయనకు గుర్రం లేదు, బస్టాండు ఎదురుగా చాయ్ హోటలు ఉంది. తాంగావాళ్లంతా అక్కడే కూర్చుంటారు కాబట్టి ఆయనే పెద్ద. ఎప్పుడో మలక్‌పేటలో గుర్రప్పందేలు చూసి వచ్చిన మనిషి.

"మన గుర్రాలు ఉరుకుతయని జనానికి ఎట్ల తెలుస్తది?" అన్నాడాయన. "పందెం పెడ్దాం. గెలిచిన గుర్రానికి ఉలవల బస్తా నేనిస్త. హైదరాబాదుల చూసిన, తిన్నగ ఉరికేదాంట్ల ఏం లేదు, పానం పోయేదంత మలుపు కాడనే. మలుపుకు మంచి మేస్త్రీ కావాలె."

మలుపు అనగానే అందరూ ఒకే ఇంటి వైపు చూశారు.

గనిలోకి పంపే ఇసుకను నిలవచేసే బంకరు వెనక ఖాళీ మైదానం ఉంది. తాంగాలు విప్పేసిన గుర్రాలు, తోలేవాళ్లను వీపు మీద ఎక్కించుకొని, ఒక కొస నుంచి తిన్నగా ఉరికి, అవతలి కొసన ఒకే ఒక్క పెద్ద మలుపు తిరిగి వెనక్కి రావాలి. ఇస్హాక్ మేస్త్రీ డ్యూటీ దిగి, మొహం మీద బొగ్గు మొహం మీద ఉండగానే మైదానానికి వెళ్లేవాడు. తాంగావాళ్లు తట్టలతో మట్టి మోశారు. ఆయన చెప్పిన చోటల్లా పోసి, నీళ్లు చల్లి, దిమ్మెసతో కొట్టారు. వారం తిరిగేసరికి మలుపు తయారైంది. లోపలి అంచు నడుమెత్తు గుట్ట. అక్కడి నుంచి బయటికి నున్నటి వాలు. వాలు అయిపోయిన చోట తుమ్మచెట్లు.

"నా మలుపుల ఒక్క గుర్రం దిగితే నా పేరు మార్చుకుంట" అని ఆయన హోటల్లో అందరి ముందు అన్నాడు. అక్క మొగుణ్ణి దుల్హే భాయ్ అని పిలిచే రహమతుల్లా ఎగిరి గంతేశాడు. "మా దుల్హే భాయ్ మలుపు! కండ్లు మూసుకొని తిరుగుత!"

పందెం ఆదివారం. శనివారం మధ్యాహ్నం సర్వరీ బేగం టిఫిను గిన్నెలు పట్టుకొని, తమ్ముడి తాంగాలో మైదానానికి వచ్చింది. దిగి మలుపును చూసింది. లోపలి గుట్ట చూసింది. బయటి తుమ్మచెట్లు చూసింది. ఆమె తెలుగులో మొదలుపెట్టేసరికి తాంగావాళ్లు పారలు ఆపారు.

"ఏందజీ ఇది? లోపల గుట్ట, బయట గుంత?"

"మలుపు గట్లనే ఉంటది."

"మా తమ్ముడు ఎటు పడ్తడు?"

"పడడు. లోపలికి పడకుండ లోపల ఎత్తిన గద."

"లోపలికి ఎందుకు పడ్తడు? ఇప్పుడే తాంగల వచ్చిన. టేషను మలుపు కాడ బయటికి జారిన. పప్పు గూడ బయటికే ఒలికింది. ఇగో, చీర మీదున్నది చూడు."

"అది పప్పు" అన్నాడు ఇస్హాక్ మేస్త్రీ.

"మరి నీ టబ్బు లోపలికి ఎందుకు పడ్తది?"

"తాడు గుంజుతది."

"గుర్రాన్ని ఏ తాడు గుంజుతది?"

మేస్త్రీ చీర మీది పప్పు మరకను చూశాడు, దాని నుంచి చూపు మెల్లగా మలుపు వైపు తిప్పాడు. ఆయన సైకిలు మీంచి పడిన చోట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి ఉంటాయని తర్వాత సర్వరీ బేగం మా అమ్మతో చెప్పింది.

"అమ్మకు మాటిచ్చిన" అంది ఆమె. "వానికి ఏమన్న ఐతే నువ్వు ఈ గుట్ట మీదనే పండు. ఇంటికి రాకు."

గుట్ట తవ్వి వేరే వైపు పోయాలంటే ఇంకో వారం. పందెం గురించి అప్పటికే తాంగాకు మైకు కట్టి ఊరంతా చెప్పేశారు. "నేను తప్పు చేసిన" అని ఒక్క మాట అంటే అయిపోయేది. తాంగావాళ్లంతా ఆ మాట కోసమే చూస్తున్నారు. ఇస్హాక్ మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"మలుపు మంచిగనే ఉన్నది. తాడే లేదు. తాడు పెడ్త."

ఆ సాయంత్రం మా వీధిలో బట్టలు ఆరేసుకునే దండెం ఒక్కటి మిగల్లేదు. ఆయన ఇంటింటికీ తిరిగి నైలాను తాళ్లన్నీ విప్పించుకుపోయాడు. మూడేసి పేట్లు కలిపి పేని, నాలుగు గుర్రాలకు నాలుగు తాళ్లు చేశాడు. మలుపు నడిమధ్యన లావుపాటి గుంజ పాతి, వాటిని దానికి బిగించాడు. కొసలకు కొక్కేలు పెట్టాడు. మలుపు మొదట్లో గుర్రం ఆగాలి, జీనుకు కొక్కెం తగిలించుకోవాలి, తాడు బయటికి పోనీయకుండా ఆపుతుండగా మలుపు తిరగాలి, చివర్లో ఆగాలి, కొక్కెం విప్పించుకోవాలి. ఇదీ ఏర్పాటు.

"పందెంల ఆగుడేంది ఇస్హాక్ భాయ్?" అన్నాడు లింగమూర్తి.

"రైలు టేషన్ల ఆగదా? ఐనా ఊరికి చేరుతలేదా?"

"మలక్‌పేటల తాళ్లు లేవు."

"ఆడ మేస్త్రీలు లేరు."

కొక్కేలు తగిలించి విప్పడానికి సదయ్యను పిలిచాడు. సదయ్య గనిలో టబ్బులను తాడుకు తగిలించే పని చేసి రిటైరైన మనిషి. అందులో ఆయనకు ఒక్కటే నియమం. రెండు గంటలు కొడితే నడవాలి, ఒక గంట కొడితే ఆగాలి, ఆ ఒక గంట వినబడే దాకా కొక్కెం ముట్టుకోరాదు. ఈ నియమం వల్లే చేతి వేళ్లు అన్నీ ఉన్నాయని అందరికీ చూపించేవాడు. గంట కోసం గుంజకు ఒక పట్టా ముక్క వేలాడదీసి, ఇనుప కడ్డీని లింగమూర్తి చేతికిచ్చారు. పెద్దమనిషి నడుమ నిలబడితే మర్యాదగా ఉంటుందని ఆయనా ఒప్పుకున్నాడు.

ఆదివారం ఊరు ఊరంతా వచ్చింది. ఉడికిన శనగలమ్మే ఐలవ్వ గంప దించకముందే సరుకంతా అమ్ముడుపోయింది. సర్వరీ బేగం తాడును నమ్మలేదు. ఇంట్లో ఉన్న పరుపులు, బొంతలు, పెళ్లినాటి మఖ్మలు దిండ్లతో సహా తెచ్చి, తుమ్మచెట్ల ముందు వరసగా పరిచి, వాటి వెనక నిలబడింది. ఇస్హాక్ మేస్త్రీ వాటి వైపు చూడలేదు.

ఈల వేశారు. నాలుగు గుర్రాలు బయలుదేరాయి. ఉరికాయి అని రాస్తే అతిశయోక్తి. మోతీకి దవాఖానా దగ్గర, బస్టాండు దగ్గర ఆగే అలవాటు ఉండటం వల్ల అది దారిలోనే రెండుసార్లు ఆగి, ఎవరూ దిగకపోయేసరికి మళ్లీ కదిలింది. అయినా మలుపు దగ్గరికి నాలుగూ దాదాపు కలిసే వచ్చాయి. ఆగమంటే ఆగాయి, ఆగడంలో తాంగా గుర్రాలను మించినవి లేవు. సదయ్య చకచకా కొక్కేలు తగిలించి చెయ్యెత్తాడు. లింగమూర్తి రెండు గంటలు కొట్టాడు.

వెనక జనం ఒక్కసారిగా కేక వేయడంతో గుర్రాలు నిజంగానే ఉరికాయి. మలుపులో బయటికి జరిగాయి, తాళ్లు టింగుమన్నాయి, నిలిచాయి. ఒక్క గుర్రం వాలు దిగలేదు. "చూసినవా?" అన్నట్టు మేస్త్రీ మొదటిసారి పెళ్లాం వైపు తిరిగాడు.

ఇక లింగమూర్తి ఒక గంట కొట్టాలి. కానీ నాలుగు గుర్రాలు తన చుట్టూ తిరగడం, నాలుగు తాళ్లు గుండెల మీదికి రావడం ఆయన మలక్‌పేటలో చూడలేదు. కడ్డీ కింద పడేసి గుంజను కౌగిలించుకున్నాడు. గుర్రాలు మలుపు చివరికి వచ్చాయి. సదయ్య చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"విప్పు కాకా! విప్పు!" అని అరిచాడు రహమతుల్లా.

"గంట ఏది?"

"గంట లేదు! నువ్వు విప్పు!"

"గంట లేకుంట ఎట్ల ముడ్త బిడ్డా?" అన్నాడు సదయ్య, దాటిపోతున్న గుర్రాన్ని ప్రేమగా చూస్తూ.

తాడు పట్టుకొని ఉంది కాబట్టి గుర్రాలు తిన్నగా పోలేక మళ్లీ చుట్టు తిరిగాయి. తిరిగిన కొద్దీ తాళ్లు గుంజకు చుట్టుకున్నాయి, పొట్టివయ్యాయి. "గిది గుర్రాల పందెమా, కల్లంల ఎడ్ల బంతి తిప్పుడా?" అని ఐలవ్వ అరిచింది. జనం నవ్వలేక కింద కూర్చున్నారు. నాలుగు గుర్రాలూ లోపలి గుట్ట ఎక్కి, అవతలికి దిగి, నడకలోకి వచ్చి, చివరికి గుంజ దగ్గర ముక్కులు ఆనించుకొని ఆగిపోయాయి. వాటి నడుమ తాళ్లలో లింగమూర్తి మెడ దాకా చుట్టుకుపోయి ఉన్నాడు. మోతీ ఆయన టోపీ నమలడం మొదలుపెట్టింది.

ఎవరికీ గీత కూడా పడలేదు. ఎవరు గెలిచారో చెప్పాల్సిన మనిషి కట్టేసి ఉన్నాడు కాబట్టి ఎవరూ గెలవలేదు. తాళ్లు కోసే లోపల ఆకలేసి గుర్రాలు సకిలిస్తుంటే, ఉలవల బస్తా విప్పి నాలుగింటి ముందూ పోశారు.

"ఒక్క గుర్రం దిగలే" అన్నాడు ఇస్హాక్ మేస్త్రీ, మలుపు మీద నిలబడి. సర్వరీ బేగం తమ్ముడి చేతులూ కాళ్లూ తడిమి చూసుకొని, పరుపులు మడతపెట్టి తాంగాలో వేయించింది. "ఎక్కు" అంది మొగుడితో.

తాంగా నిండా పరుపులే. ఆయన బయటి వైపు అంచున కూర్చున్నాడు. టేషను మలుపు దగ్గర రహమతుల్లా సంబరంలో కొంచెం జోరుగా తిప్పాడు. పరుపులు బయటికి జారాయి, వాటితో పాటు ఇస్హాక్ మేస్త్రీ జారాడు, మఖ్మలు దిండ్లతో సహా రోడ్డు మీద మెత్తగా పడ్డాడు.

"హాయ్ అల్లా! దుల్హే భాయ్!" అని రహమతుల్లా తాంగా ఆపాడు.

మేస్త్రీ లేచాడు. లుంగీ దులుపుకున్నాడు. నడుం మీద చేతులు పెట్టుకొని రోడ్డును చాలాసేపు పరిశీలించాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ ఆయన ఎప్పుడూ అనే మాట కోసం ఎదురుచూశారు.

"బయటికే" అన్నాడాయన, దాదాపు తనలో తను.

సర్వరీ బేగం పక్కకు జరిగింది. "లోపలి దిక్కు కూసో" అంది, దక్కనీలో.

తర్వాతి ఆదివారం గోడ అవతల గునపం చప్పుడు. ఆయన కాలువ మూల పగలగొట్టి, బయటి గట్టు ఎత్తి, లోపలి గట్టు దించుతున్నాడు. మరునాడు మా వాకిలి పొడిగా ఉంది. మా అమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏమైంది భాయ్, కాలువ తప్పా?" అని అడిగింది.

"కాలువ తప్పేం లేదు వదినా" అన్నాడు ఇస్హాక్ మేస్త్రీ, తాపీ కడుక్కుంటూ. "నీళ్లకే ఇప్పుడిప్పుడే నడక వస్తున్నది."